పైఖర్చుల గడిలో గీత

ఆనకట్ట కాలనీ, జైపూరు దాటాక
ఆదివారం

అన్నయ్యకు,

సింహాచలం దండాలు. నా ఒంట్లో బాగానే ఉంది. కిందటి నెల వచ్చిన జ్వరం మళ్ళీ రాలేదు. నాన్న దగ్గు ఎలా ఉంది, వదిన మోకాలి నొప్పి తగ్గిందా, అక్క పురుడయ్యాక లేచి తిరుగుతోందా, ఈ మూడింటికీ విడివిడిగా జవాబు రాయి. "అంతా బాగున్నారు" అని ఒక్క ముక్కలో రాస్తే నాకు ఏమీ తెలియటం లేదు.

నీ ఉత్తరం ఎనిమిది రోజులు పట్టి మొన్న చేరింది. పంచాయతీ సమితి వాళ్ళు రెండు గదుల బడికి టెండరు పిలిచారని, కవరు నెలాఖరు లోపు వెయ్యాలని, రేట్లు కట్టి పంపమని రాశావు. సూరిబావ కూడా వేస్తున్నాడని చివర ఒక ముక్క రాశావు. ఆ ముక్క నాలుగుసార్లు చదివాను. అక్కని ఇచ్చిన ఇంటి మీద మనం పోటీకి వెళ్ళవలసి వస్తుందని నేను అనుకోలేదు. ఆయనకీ ఈ ఏడు వేరే పని లేదని తెలుసు. తప్పు పట్టటం లేదు.

రేట్లు కట్టాను. రెండు కాగితాలు ఈ కవరులోనే ఉన్నాయి. వాటిని విప్పే ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. పొడుగైంది. నెమ్మదిగా చదువు.

ఇక్కడ చలి ఎక్కువ. పొద్దున తొమ్మిదింటి దాకా మంచు కొండ దిగదు. రాళ్ళు, కర్రలు, కాగితాలు అన్నీ చెమ్మగా ఉంటాయి. నువ్వు ఇచ్చిన కంబళి సరిపోక రెండు గోనె సంచులు కలిపి కుట్టి కింద పరుచుకున్నాను. ఇప్పుడు పరవాలేదు. మెస్సులో అన్నం, కూరముక్కలు వేసి ఉడికించిన పప్పు పెడతారు. అందులో పులుపు ఉండదు. తినగలుగుతున్నాను, బెంగ పెట్టుకోవద్దు. సాలూరు మీదుగా ఇటు వచ్చేవాళ్ళు ఎవరైనా తగిలితే అంబలికి కాస్త చోడిపిండి, చింతపండు, సంతలో దొరికితే భావనపాడు ఎండు మెత్తళ్ళు ఒక గుప్పెడు పంపు. లేకపోయినా ఇబ్బంది లేదు.

నా పని సంగతి. కంపెనీ వాళ్ళు ఆనకట్ట సిబ్బందికి ఇళ్ళు కడుతున్నారు. ఆఫీసు ఒక రేకుల షెడ్డు. అందులో అంచనాలు కట్టే మహాంతి బాబు, ఒక టైపిస్టు, నేను. మహాంతి బాబు బరంపురం మనిషి, తెలుగు బాగా మాట్లాడతారు. మొదటి రెండు నెలలు కాగితాలు కాపీ చేశాను. తరవాత రేటు కట్టటం నేర్పారు. అది నీకు రాయాలి. నీ టెండరుకి కావలసింది అదే.

వంద ఘనపుటడుగుల రాతి కట్టుబడి అనుకో. ముందు రాయి, సున్నం, సిమెంటు, ఇసుక రాస్తారు. తరవాత తాపీ మేస్త్రీలు, కూలీలు. ఇంతవరకు మనకీ తెలుసు. దాని కింద ఇంకో గడి ఉంటుంది. పైఖర్చులు అని. కాపలావాడు, సిమెంటు పెట్టుకునే షెడ్డు, కూలీల పాకలు, నీళ్ళు మోయించటం, పరంజా కర్రలు, తాళ్ళు, పారల అరుగుదల, ఆఫీసు, మహాంతి బాబు జీతం, నా జీతం, అన్నీ ఆ గడిలో పడతాయి. ఇవన్నీ కూడాక, ఆ మొత్తం మీద లాభం వేస్తారు. లాభం అన్నిటికంటే చివర వస్తుంది. పైఖర్చులు వేరు, లాభం వేరు. ఒకటి రెండోదాన్ని తినకూడదు.

ఈ గడి ఎందుకని ఒకరోజు మహాంతి బాబుని అడిగాను. ఆయన కిటికీలోంచి సగం లేచిన గోడ చూపించారు.

"రాయి ఎక్కడుంది?"

"గోడలో ఉందండి."

"సున్నం?"

"గోడలోనే."

"మరి నువ్వెక్కడున్నావు?"

ఆయన బల్ల దగ్గరికి వచ్చి ఆ గడి మీద వేలు పెట్టారు.

"గోడలో వేలు పెట్టి చూపించలేని ఖర్చు ఈ గడిలో రాయాలి సింహాచలం. రాయకపోతే అది పోదు. ఎవరో ఒకరు పెట్టుకుంటారు."

ఆ రోజు మెస్సులో కూర్చుని మనం సమితికి కట్టిన చానలు కలవర్టు లెక్క మొదటి నుంచి మళ్ళీ వేశాను. సమితి అంచనాలో పైఖర్చుల గడే లేదు. కాంట్రాక్టరు లాభం పది శాతం అని రేట్లలోనే కలిపి ఉంటుంది, అంతే. కాపలా అయినా పాకలు అయినా ఆ పదిలోంచే రావాలి. మనం ఏం చేశాం? రాజాంలో హోటలు బల్ల మీద కాగితం పరిచి, అంచనా మీద నూటికి పది తక్కువకి చేస్తామని పది లెస్సు వేశాం. నువ్వన్న మాట నాకు గుర్తుంది. "లాభం మనకొద్దురా. మన కూలి మనకొత్తే సాలు. ఆ పదీ ఒదిలేద్దాం." ఖర్చుకి సరిపోతుందని ఇద్దరం నమ్మాం.

సరిపోదు. ఖర్చు వంద అయితే లాభం కలిపి నూట పది. లెస్సు వేసేది వంద మీద కాదు, నూట పది మీద. నూట పదిలో పదో వంతు పదకొండు. అది పోతే మిగిలేది తొంభై తొమ్మిది. మనం లాభం ఒక్కటే వదులుకోలేదు. ప్రతి వందకీ ఒక రూపాయి చేతి నుంచి వేశాం. ఎస్సెల్సీ దాకా చదివినవాణ్ణి, ఆ లెక్క వేసింది నేను. నీ తప్పు లేదు.

అది కాగితం మీద కనపడే నష్టం. కనపడనిది వేరే ఉంది. రాయి కొండ దగ్గర నుంచి మన బండి మీద తెచ్చాం. బండి మనది, ఎద్దులు మనవి కదా అని కిరాయి రాయలేదు. ఆ వర్షాకాలం అంతా నాన్న తాటాకు పాకలో సిమెంటు బస్తాల పక్కన పడుకున్నాడు. నాన్న కదా అని కాపలా రాయలేదు. దగ్గు అప్పటిది. వదిన పన్నెండు మంది కూలీలకి నాలుగు నెలలు పొద్దున్నే అంబలి కాచి, మధ్యాహ్నం అన్నం వండి, కలవర్టు దాకా మోసుకొచ్చింది. మోకాలు అప్పటిది. పని అయ్యాక ఎర్రెద్దుని సంతలో అమ్మాం. ముసలిదైపోయింది అని అందరికీ చెప్పాం. ఎనిమిదేళ్ళ ఎద్దు.

ఇది నిన్ను బాధపెట్టటానికి రాయటం లేదు. మన వైపు ఎవరిని అడిగినా ఇలాగే కడతారు. కొన్నది ఖర్చు, ఇంట్లో ఉన్నది ఖర్చు కాదు. అమ్మ, నాన్న, ఆడవాళ్ళు, ఎద్దులు, వీళ్ళకి రేటు వెయ్యటం తప్పు అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. అలా అనుకుని ఇక్కడ ఒక పని చేశాను. అది రాస్తాను.

దసరా వెళ్ళాక మన వైపు నుంచి తాపీ పనివాళ్ళ ముఠా ఒకటి వచ్చింది. పాలకొండ రోడ్డు పనిలో మనతో రాయి చెక్కాడే, ఆ గవరయ్య మావ, పొట్టిగా, ఎడమ చేతి వాటం మనిషి, ఆయన ముఠా. భార్య పోలమ్మ అత్త, మామగారు ఒక ముసలాయన, కూతురు, అల్లుడు రాములు, మిగతా అంతా కలిపి ముప్పై మంది. నేను కాగితాలు రాసుకుంటుంటే గుమ్మం దగ్గర గవరయ్య మావ గొంతు వినపడింది.

"ఒరే సింహాచలం, ఏటిరా ఇలా సిక్కిపోనావు? ఇక్కడ నీకు బువ్వ ఎట్టట్లేదేటి?"

ఐదు నెలలుగా ఆ మాట తీరు వినలేదు. కలం పక్కన పెట్టి బయటికి వెళ్ళాను. ఆ తరవాత ప్రతి ఆదివారం వాళ్ళ పాకల దగ్గరే తిన్నాను. పోలమ్మ అత్త చింతపండు పులుసు పెట్టేది. నన్ను ఆటపట్టించటం వాళ్ళందరికీ ఒక పని.

"రోజల్లా ఆ రేకుల కింద కూకుని ఏటి రాస్తావురా నువ్వు?" అని అడిగింది ఒకసారి పోలమ్మ అత్త.

"మీరు కట్టే గోడకి ఎంతవుతుందో రాస్తాను అత్తా."

"గోడ కట్టినోళ్ళకి తెల్దేటి ఎంతవుద్దో?"

"మీకు తెలుసా?"

"తెల్దు గానీ," అంది. అందరూ నవ్వారు.

వాళ్ళు ఉన్నందువల్ల ఈ చలికాలం ఇంతవరకు గడిచింది. ఆ మాట కూడా రాసి ఉంచాలి.

కంపెనీ గోడల పని పీసువర్కుకి ఇస్తుంది. అంటే ముఠా మేస్త్రీకి ఇంత కట్టుబడికి ఇంత అని ఒక రేటు ఇచ్చి, మిగతాదంతా నీదే అంటారు. మహాంతి బాబు ఆ ముఠాల రేటు కూడా పద్ధతిగానే కట్టారు. పైఖర్చుల గడిలో కంపెనీకి వేసుకున్నంత వెయ్యలేదు కానీ, కొంత వేశారు. కాగితం ఇంకా పైకి వెళ్ళలేదు. ఒక మధ్యాహ్నం టీ తాగుతూ నన్ను అడిగారు.

"మీ వాళ్ళు సమితి పనులు పది లెస్సుకీ పదిహేను లెస్సుకీ చేస్తారటగా. ఎలా చేస్తారయ్యా? నాకు ఎన్నిసార్లు కూడినా కుదరదు."

ఆ ఆఫీసులో మన వాళ్ళ గురించి నన్ను ఎవరైనా ఒక మంచి మాట అడగటం అదే మొదలు. చెప్పాను.

"మా వాళ్ళకి కాపలా ఖర్చు ఉండదండి. ఇంట్లో పెద్దాయన పడుకుంటాడు. వంటకి మనిషిని పెట్టరు, ఆడవాళ్ళు ఉంటారు. తట్టలు వాళ్ళే అల్లుకుంటారు. తాళ్ళు వాళ్ళే పేనుకుంటారు. దేనికీ బజారుకి వెళ్ళరు."

గవరయ్య మావ ముఠానే చూపించి చెప్పాను. ముసలాయన పేరు కూడా చెప్పాను.

ఆయన అంతా విన్నారు. గ్లాసు కింద పెట్టి, ముఠాల రేటు కాగితం తీసి, పైఖర్చుల గడిలో ఉన్న అంకె కొట్టేసి అడ్డంగా ఒక గీత గీశారు. మొత్తం మళ్ళీ కూడారు.

"లేని ఖర్చు ఎందుకిచ్చావని రేపు పైవాళ్ళు నన్ను అడుగుతారు," అన్నారు.

"లేని ఖర్చు కాదు కదండీ. రాయకపోతే పోదని మీరే చెప్పారు."

"పోదు," అన్నారు. "ఎవరు పెట్టుకుంటారో నువ్వే చెప్పావు."

ఆయన చెడ్డవాడు కాదు అన్నయ్యా. నాకు జ్వరం వచ్చినప్పుడు తన ఇంటి నుంచి గంజి పంపించారు. కంపెనీ ఆనకట్ట వాళ్ళకి పంపే బిల్లులో మాత్రం ఆ గడి నిండుగానే ఉంది. ముఠాలు కట్టిన గోడలకి కూడా కాపలా, పాకలు, తాళ్ళు, అన్నీ కంపెనీ పేరనే వసూలవుతాయి. ఆ బిల్లు శుభ్రంగా తిరగరాసేది నేను. ఇక్కడ గీత, అక్కడ అంకె. రెండూ నా దస్తూరీయే.

వేలిముద్ర వెయ్యటానికి గవరయ్య మావ వచ్చినప్పుడు కాగితం నేనే చదివి వినిపించాను. పోలమ్మ అత్త గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

"మావా, ఇందులో పైఖర్చులకి ఏమీ లేదు."

"పైఖర్సులంటే ఏటిరా?"

చెప్పాను. కాపలా, వంట, తాళ్ళు, పాకలు.

"పోలమ్మ వంటకి కూలి రాయమంటావేటి?" అని నవ్వాడు. "దానికి కూలి రాస్తే నాను దానికాడ పనోణ్ణయిపోతానురా. రేపట్నుంచి నా కంచంలో ముద్ద కూడా లెక్కెడతాది."

"ఎడతాను మరి," అంది పోలమ్మ అత్త. "ముప్పై మందికి వండతన్నాను. ఇరవై తొమ్మిది మంది పని సేసి తింటన్నారు."

టైపిస్టుకి తెలుగు రాదు, అయినా నవ్వాడు. నేను మళ్ళీ చెప్పాను, మావా, ఇంకాస్త ఆలోచించు, రేటు చాలదు అని. అప్పుడు మావ నవ్వటం ఆపాడు.

"నాకు తెల్దనుకున్నావేటి? ఈ రేటుకి నాను సెయ్యనంటే బొబ్బిలోళ్ళు సేస్తారు. మూడ్రోజుల్నుంచి బస్సు దిగినకాడే మూటలేసుకుని కూకున్నారు. సూడలేదేటి నువ్వు?"

చూశాను. వేలిముద్ర వేశాడు. ఆ గీత ఎవరి మాట వల్ల పడిందో ఆ రోజు నేను చెప్పలేదు.

పని బాగా చేశారు. గోడలు నిలువు చూసుకో, మూలలు చూసుకో, కంపెనీ సొంత మేస్త్రీల కంటే బాగా కట్టారు. ఆ సంగతి మహాంతి బాబు కూడా అన్నారు. కానీ మంచు వల్ల రోజంతా తడి. పరంజా కట్టటానికి ఇంటి నుంచి తెచ్చుకున్న జనప తాళ్ళు అంతకుముందే రెండు పనులు చూసినవి. కిందటి నెల మొదట్లో గవరయ్య మావ ఒక ముక్క తాడు పట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. బల్ల మీద పెట్టి వేళ్ళతో నలిపాడు. పీచు పొడి అయి రాలింది.

"కుళ్ళిపోనాయిరా. కొత్త తాళ్ళు కావాలి. ఏ కాయితంలో రాయాలో సెప్పు."

వెతకవలసిన పని లేదు. అయినా కాగితం తీసి చూశాను.

"గడి లేదు మావా."

"లేకపోతే ఎట్టించరా. సదువుకున్నోడివి కదా."

మహాంతి బాబుని అడిగాను. ఆయన కాగితం మీద మావ వేసిన వేలిముద్ర చూపించారు. స్టోరు గుమాస్తాని అడిగాను. తాళ్ళు ఉన్నాయి, చుట్టలు చుట్టలుగా గోడకి వేలాడుతున్నాయి. పీసువర్కు ముఠాకి ఇవ్వటానికి తనకి రాతపూర్వకంగా కావాలన్నాడు. బజారు జైపూరులో. కొనాలంటే ముఠా మొత్తానికి రెండు రోజుల కూలి. బిల్లు ఇంకా రాలేదు. వాళ్ళు పాత తాళ్ళే రెండు పేటలు వేసి కట్టుకున్నారు.

తొమ్మిది రోజులకి, రెండో వరస ఇళ్ళకి దర్వాజా ఎత్తు దాటాక, పరంజా కట్టు జారిపోయింది. పొద్దున పదకొండు గంటలు. ముగ్గురు పడ్డారు. ఇద్దరికి చర్మం లేచింది, అంతే. మూడోవాడు రాములు. అతను ఎత్తిన రాయి అతని మీదే పడింది. కుడి తొడ ఎముక విరిగింది. కంపెనీ జీపు జైపూరు వెళ్ళి ఉంది. బండి మీద గడ్డి వేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. నేనూ వెళ్ళాను.

ఎముక కట్టారు. నడుస్తాడు, పరంజా ఎక్కలేడు అని డాక్టరు చెప్పాడు. రాములుకి ఇరవై నాలుగేళ్ళు. తాపీ పని తప్ప వేరేది రాదు. ప్రమాదాల రిజిస్టరు మా ఆఫీసులోనే ఉంటుంది. "పీసువర్కు ముఠా మనిషి. పరికరాలు ముఠావి. కంపెనీ బాధ్యత లేదు." ఇది కూడా నేనే రాశాను. మహాంతి బాబు చెప్పారు, నేను రాశాను.

ఆసుపత్రి వసారాలో ఆ మధ్యాహ్నం గవరయ్య మావకి చెప్పేశాను. టీ గ్లాసు దగ్గర నేనన్న మాటలు, అంకె కొట్టెయ్యటం, గీత, ఏదీ దాచలేదు. ఆయన బీడీ తీసి వెలిగించలేదు.

"నువ్వు సెప్పింది అబద్ధమేటి?"

"కాదు మావా."

"మా మావ కాపలా పడుకోడేటి? పోలమ్మ వండదేటి? తాళ్ళు మనం పేనుకోమేటి?"

"నిజమే."

"మరేటి నీ తప్పు? ఉన్నమాటే సెప్పినావు. ఉన్నమాట గొప్పగా సెప్పుకున్నాం. ఇన్నాళ్ళూ నానూ అలాగే సెప్పుకున్నాను."

పోలమ్మ అత్త కూతురి పక్కన కూర్చుని ఉంది. నా వైపు చూడలేదు. తిట్టనూ లేదు. ఆదివారాలు ఇప్పుడు మెస్సులోనే తింటున్నాను. రమ్మని కబురు వస్తుంది. వెళ్ళటం లేదు.

రాములుని వచ్చే వారం ఇంటికి పంపిస్తున్నారు. సాలూరు దాకా లారీలో, అక్కణ్ణించి బస్సు. రాజాంలో దించుకోవటానికి నువ్వు వెళ్ళు, మంచం, ఇద్దరు మనుషులు కావాలి. మరిచిపోవద్దు.

ఇప్పుడు నీ టెండరు. ఒకటో కాగితంలో బడికి నిజంగా ఎంత అవుతుందో కట్టాను. బండికి కిరాయి వేశాను. కాపలా నాన్న చేసినా సరే, కాపలావాడి జీతం వేశాను. వంట నాలుగు నెలలకి వంటమనిషి కూలి వేశాను. కొత్త తాళ్ళు, షెడ్డు, నీళ్ళు, రోజంతా నిలబడి చేయించే నీకు జీతం, అన్నీ వేశాను. వాటి తరవాతే లాభం వేశాను. సమితి అంచనా కంటే వందకి పద్దెనిమిది పైకి వచ్చింది. ఈ రేటుకి టెండరు వేస్తే పని నీకు రాదు. సూరిబావకి వెళ్తుంది. ఆయన ఎంత లెస్సు వేస్తాడో నాకు తెలుసు. కలవర్టు పనిలో మన పక్కన కూర్చుని నేర్చుకున్నవాడే. అప్పుడు అక్క వండాలి. అక్క పచ్చి బాలింత.

రెండో కాగితం మన పాత పద్ధతి. రాయి, సున్నం, సిమెంటు, కూలీలు. ఇంటివి ఏవీ లేవు. లెస్సు లెక్క మాత్రం ఈసారి తప్పు లేకుండా వేశాను, చేతి నుంచి రూపాయి పోదు. ఇది వేస్తే పని నీకు రావచ్చు. అప్పుడు వదిన వండాలి.

నువ్వూ బావా ఒకచోట కూర్చుని ఇద్దరూ ఒకటో కాగితం రేటే వేస్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. మహాంతి బాబుని అడిగాను.

"మూడోవాడు ఎవరు?" అన్నారు.

"చీపురుపల్లి వాళ్ళు వేస్తారండి."

"వాళ్ళనీ కలుపుకో. నాలుగోవాడు?"

ఆ ఆలోచన అక్కడితో వదిలేశాను.

అసలు టెండరే వెయ్యకపోతే ఏమవుతుందని కూడా చూశాను. ఈ ఏడు వాన లేదు, మెట్ట పొలంలో ఏమీ లేదని నువ్వే రాశావు. అక్కడ పని లేకపోతే నువ్వు ఇక్కడికి రావాలి. ఇక్కడికి వస్తే ముఠాతో రావాలి. ఆ గీత ఉన్న కాగితం నీకు చదివి వినిపించేది నేనే. వేలు ఎక్కడ పెట్టాలో చూపించేది నేనే.

నేను ఈ పని మానేద్దామా అని కూడా అనుకున్నాను. మానితే ఇంకొకడు కాపీ చేస్తాడు, నాన్న మందుకి డబ్బు ఆగుతుంది. మానటం లేదు. ప్రతి నెలా పంపేది పంపుతాను. నా ఆరోగ్యం బాగానే ఉంది. నా గురించి ఎవరూ బెంగ పెట్టుకోవద్దు.

ఒక్క పని చెయ్యి. టెండరు కవరు అతికించే ముందు ఈ ఉత్తరం వదినకి చదివి వినిపించు. ఒకటో కాగితంలో వంట అని రాసి ఎదురుగా అంకె వేసిన చోటు వేలు పెట్టి చూపించు. తన పనికి ఇంత అవుతుందని ఒకసారైనా తనకి తెలియాలి. ఆ అంకె చూసి తను ఏమంటుందో నాకు తెలుసు. "నా వంటకి డబ్బులేటి? పనొస్తే అదే పదేలు" అంటుంది. ఆ మాట విని నువ్వు రెండో కాగితం తీస్తావు.

అందుకే రెండో కాగితంలో కూడికలు మూడుసార్లు సరిచూశాను. తప్పులు లేవు. అలాగే వేసుకోవచ్చు.

నాన్న కాళ్ళకి, నీ కాళ్ళకి, వదిన కాళ్ళకి మొక్కుతున్నాను. అక్కకీ బావకీ నేను అడిగానని చెప్పు. పిల్లకి ఏ పేరు పెట్టారో రాయి. మీరందరూ చల్లని మాట ఒకటి అనుకోండి, ఇక్కడ నాకు అది చాలు.

నీ తమ్ముడు
సింహాచలం